దిక్కులు చెప్పిన బురుజు

నా చిన్నప్పుడు మా ఊరి బురుజుకు వాకిలి నేల మీద ఉండేది కాదు. గోడకు సగం ఎత్తున, మెడ వెనక్కి వాల్చి చూడాల్సిన చోట, వంగి దూరేంత చిన్న వాకిలి ఉండేది. దానికి మెట్లు కట్టలేదు. పైకి పోవాలంటే నిచ్చెన వేసుకోవాలి. ఆ నిచ్చెన మా ఇంటి నడవలో, గోడకు కొట్టిన కొయ్యల మీద ఉండేది. ఊళ్లో ఎవరికి బురుజుతో పని పడినా మా వాకిట్లోకి వచ్చి, చెప్పులు వదిలి, మా జేజినాయనను అడిగి తీసుకుపోవాలి.

జేజినాయన అంటే మా నాయనకు నాయన. మాది కర్నూలు జిల్లాలో, బేతంచెర్ల స్టేషనులో రైలు దిగి ఎద్దుల బండిలో తూర్పుకు ఒక పూట పోతే వచ్చే ఊరు. చుట్టూ నాపరాయి నేల. ఇళ్ల గోడలూ, కప్పులూ అన్నీ నాపబండలే. మా వంశంవాళ్లు ఒకప్పుడు ఆ చుట్టుపట్ల పాళెగాళ్లు. నేను పుట్టేనాటికి పాళెమూ లేదు, కొలువూ లేదు. పొలాలు చాలాభాగం చేతులు మారాయి. లోగిలిలో సగం గదుల కప్పులు కూలిపోతే వాటి తలుపులు మూసేసి, ఉన్నవాటిలో సర్దుకున్నాం. అయినా తలపాగా చుట్టుకోకుండా జేజినాయన అరుగు మీదికి వచ్చిన రోజు నేనెరగను. అక్కడ కూడా గోడకు ఆనుకునేవాడు కాదు. మనం అడిగే ఇంటివాళ్లం కాదు, అడిగించుకునే ఇంటివాళ్లం అని మా జేజి, అంటే నాయనమ్మ, తరచూ అనేది. అప్పటికి ఊరు మమ్మల్ని అడిగేది ఆ నిచ్చెన ఒక్కటే. మా నాయన నాకు ఊహ తెలియకముందే పోయాడు. ఆ ఇంటికి మిగిలిన బిడ్డను నేనొక్కదాన్నే.

బురుజు గురించి తెలుసుకోవాలని నాకు మహా తహతహగా ఉండేది. కింది సగం రాయి, పై సగం మట్టి ఎందుకైంది? తుపాకి బెజ్జాలు మూడు వైపులా ఉండి, మా ఇంటి వైపు మాత్రం ఎందుకు లేవు? ఇలాంటివన్నీ నగారా సాయిబును అడిగేదాన్ని. వాళ్లింటివాళ్లు తరతరాలుగా బురుజు కింద నగారా కొట్టేవాళ్లు. ఆయనకు పళ్లు లేవు గానీ మాటకు పదును ఉండేది. మా ఇంటి వైపు బెజ్జం ఎందుకు లేదని అడిగితే, "మీ ఇంటిని మీరే కాల్చుకుంటారా పాపా" అన్నాడు.

దండు వచ్చినప్పుడు లోపలున్నవాళ్లు నిచ్చెన పైకి లాక్కునేవారని ఆయనే చెప్పాడు. కుంఫిణీవాళ్లు మా పాళెం కోటగోడలు పడగొట్టించినప్పుడు, వంకకు నీళ్లు వస్తే ముందుగా చూసి చెప్పడానికి ఇదొక్కటి ఉండనివ్వండని ఊరంతా పోయి వేడుకుంటే వదిలారట. తరువాత భూములు కొలిచే దొరలు దాని మీద జెండా పాతి, గొట్టంలో కన్ను పెట్టి దూరాలు చూశారట. కరువులో స్టేషను నుంచి గింజల బండ్లు వస్తున్నాయేమోనని పైన ఒక మనిషిని నిలబెట్టి, జనమంతా కింద కూర్చుని ఎదురుచూసేవారట. ఇవన్నీ విన్నాక, దీన్ని కట్టిందెవరని ఒకరోజు జేజినాయనను అడిగాను. మా పూర్వీకులు అంటాడనుకున్నాను. ఆయన "కట్టించింది మనోళ్లని మా జేజినాయన చెప్పినాడు. మట్టి మోసి కట్టింది మేమని ఊరోళ్లు చెప్తారు. నేను రెండూ చూడలేదు" అన్నాడు. ఆ జవాబు నాకు అప్పుడు రుచించలేదు.

విజయదశమి నాడు బురుజు దగ్గర ఒక ఆచారం జరిగేది. పొద్దు వాలాక నగారా మోగుతుంది. ఊరంతా బురుజు కింద చేరుతుంది. జేజినాయన ఒక్కడే పైకెక్కి, నాలుగు వైపులా చూసి, ఆ చిన్న వాకిట్లోకి దిగి నిలబడి, తాను చూసింది ఊరికి చెబుతాడు. దాన్ని దిక్కులు చెప్పడం అనేవారు. ఒకప్పుడు దండుల సంగతులు చెప్పేవారేమో గానీ, నా కాలానికి చెరువు ఎంత నిండింది, మబ్బు ఏ పక్క ఉంది, ఎవరి చేను ఎట్లా ఉంది, ఇవే. చివరకు తూర్పుకు చెయ్యి చాపి, "ఆ పక్క మహానంది ఉండాది, దండం పెట్టుకోండి" అనేవాడు. జనం చేతులెత్తి మొక్కేవారు. మా బురుజు మీద నుంచి మహానంది గోపురం కనపడుతుందని మా ఊరివాళ్లకు మహా గర్వం. సంతలో పొరుగూరివాళ్లతో వాదులాడి మరీ నెగ్గుకొచ్చేవారు.

ఆ ఆచారంలో ఒక కట్టుబాటు ఉంది. ఎక్కి చూసేవాడు ఏ ఇంట్లో ఉంటే నిచ్చెన ఆ ఇంట్లోనే ఉండాలి. చూసేవాడు లేకపోతే అది ఊరిది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. అక్కడ ప్రభుత్వం గుడారాల్లో నడుస్తోందని జనం వింతగా చెప్పుకునేవారు. ఆ ప్రభుత్వం ఊరూరికీ రేడియో ఇస్తోందని మా పంచాయతీ ప్రెసిడెంటు కబురు తెచ్చాడు. ఆయన వేరుశనగ వ్యాపారంలో పైకొచ్చినవాడు, హుషారైన మనిషి. పెట్టె చావడిలో ఉంటుందట. అది పలకాలంటే ఎత్తున రాగితీగ కట్టాలి, ఊరంతా వినాలంటే ఎత్తున కొమ్ములాంటి స్పీకరు పెట్టాలి. మా ఊళ్లో బురుజు కంటే ఎత్తైనది లేదు. తగిన చోటు చూపించకపోతే రేడియో పొరుగూరికి పోతుంది. ప్రెసిడెంటు చెప్పులు వదిలి వచ్చి నిచ్చెన అడిగాడు.

"దాంట్లో మాట్లాడేది ఎవరప్పా?" అని అడిగాడు జేజినాయన.

"యాడో మద్రాసులోనో, బెజవాడలోనో ఉంటారు పెద్దాయనా. లోకం సంగతులన్నీ చెప్తారు."

"వాళ్లు అవన్నీ చూసినారా?"

"వాళ్లు చూసేదేంది, ఎవరో చెప్తే చెప్తారు."

"ఆ బురుజు మీద చూసినోడు తప్ప ఇంకొకడు నోరు తెరవలేదప్పా. ఎవరో చెప్పిన మాటకు నేను నిచ్చెన ఇయ్యను."

ప్రెసిడెంటు లేచి చెప్పులు వేసుకున్నాడు. "దసరా వస్తాండాది గదా. ఎక్కి చూస్తావు గదా నువ్వు?" అని ఒక మాట వదిలిపెట్టి పోయాడు. ఆయన మాటలో ఏదో ముల్లు ఉందని నాకూ తెలిసింది.

ఎందుకంటే అప్పటికి కొన్నాళ్లుగా నేను ఒకటి గమనిస్తున్నాను. జేజినాయన పంచాంగం చూడటం మానేశాడు. ఎవరైనా వాకిట్లోకి వస్తే, వాళ్లు నోరు తెరిచేదాకా పలకరించేవాడు కాదు. జేజి మజ్జిగ చెంబు ఆయన ముందర పెట్టడం మాని, చేతికే అందిస్తోంది. ఒకరోజు ఊరికే పరీక్షిద్దామని ఆయనకు ఎదురుగా చప్పుడు చేయకుండా నిలబడ్డాను. ఆయన నా మీదుగా వీధిలోకి చూస్తూ ఉండిపోయాడు. ఇంట్లో ఎవరూ ఈ సంగతి ఎత్తలేదు. ఆయన చూపు పోయిందని ఊరికి తెలిస్తే నిచ్చెన పోతుంది. నిచ్చెన పోతే మమ్మల్ని అడగడానికి ఇంక ఎవరూ రారు.

పండగ ముందటి రోజు వంటింట్లో జేజి ఆయనతో అంటుంటే విన్నాను. "పాపను తోడు తీసకపో. అది పైన చూసి నీ చెవిలో చెప్తాది. నువ్వు దిగి ఊరికి చెప్పు. ఎవరికి తెలుస్తాది?" మరునాడు పొద్దు వాలాక జేజినాయన తలపాగా చుట్టుకుని, "రా పాపా" అన్నాడు. మా ఇంట్లో ఆడపిల్ల ఎవరూ ఆ బురుజు ఎక్కలేదు. ముసలివాడు మనమరాలిని ముద్దుగా తీసుకుపోతున్నాడని ఊరు అనుకుంది. ప్రెసిడెంటు మాత్రం చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ఆయన ఆ సాయంకాలమే రేడియో ఆఫీసరును జీపులో రమ్మన్నాడు, పూలదండ కూడా సిద్ధం చేసుకున్నాడు.

నిచ్చెన మీద నేను ముందు, ఆయన వెనక. లోపలి మెట్లు చీకటి. అక్కడ మాత్రం ఆయనే నాకు దారి చెప్పాడు. చిన్నప్పటి నుంచి ఎక్కిన మెట్లు ఆయన కాళ్లకు తెలుసు. పైకి వచ్చేసరికి గాలి మొహానికి కొట్టింది. మా ఇల్లు అంత చిన్నదని నాకు అంతవరకు తెలియదు. కప్పు కూలిన గదుల్లో మొలిచిన పిచ్చిచెట్లు పై నుంచి పచ్చగా, అందంగా కనపడ్డాయి.

"ఉత్తరానికి తిరుగు. ఏం కనపడ్తాండాది?"

"చెరువు, జేజినాయనా. నిండా ఉండాది."

"నిండా అంటే? తూము రాయి మునిగిందా?"

మళ్లీ చూశాను. "మునగలే. దాని మీద ఎవరో గుడ్డలు ఆరేసినారు."

"అయితే నిండలేదు. తూము రాయి కనపడ్తాందని చెప్పు."

దక్షిణాన జొన్నచేలు, వాటి వెనక సున్నపు బట్టీల పొగ. పడమటికి తిరిగితే స్టేషను బాట మీద ఎర్రగా దుమ్ము లేస్తోంది. నేను గంతేసి, "జీపు వస్తాండాది" అన్నాను.

"జీపు కనపడిందా?"

"దుమ్ము లేస్తాండాది గదా."

"నేనడిగింది జీపు."

"జీపు కనపడలే."

"అయితే దుమ్మని చెప్పు. దుమ్ము కింద ఏముండాదో దుమ్ము దగ్గరికొస్తే అదే చెప్తాది."

చివరకు తూర్పు మిగిలింది. దాని కోసమే నేను అన్నాళ్లుగా ఎదురుచూశాను. రెండు చేతులూ కళ్ల మీద గొడుగులా పెట్టుకుని చూశాను. నల్లమల కొండలు నీలపు గీతలా ఉన్నాయి. ఆ గీత పొడవునా వెతికాను. ఎంత వెతికినా గోపురం లేదు. నా చూపులోనే లోపం ఉందేమో, నా వల్ల మా ఇంటి పరువు పోతుందేమో అనిపించి ఏడుపు వచ్చింది. కనపడింది అనేద్దామని నోటిదాకా వచ్చింది కూడా. కానీ చెరువు, దుమ్ము సంగతి తరువాత ఆ మాట నోరు దాటలేదు.

"కొండలు ఉండాయి. గోపురం కనపడలే" అన్నాను.

"బాగా చూసినావా?"

"చూసినా. లేదు."

ఆయన నవ్వాడు. నాకు గుర్తున్నంతవరకు అంత నిండుగా నవ్వడం అదే. "నాకూ ఏనాడూ కనపడలేదు మ్మే" అన్నాడు.

నేను కళ్లు తుడుచుకోవడం మరిచిపోయాను. "మరి ప్రతి దసరాకూ చెప్తావు?"

"ఆ పక్క ఉండాదని చెప్తా. కనపడ్తాందని ఏ పొద్దూ చెప్పలే. కనపడిందా అని అడిగినోడూ లేడు."

ఆయన కిందికి దిగి ఆ చిన్న వాకిట్లో నిలబడ్డాడు. నేను ఆయన వెనక చీకట్లో ఉన్నాను. నా పని అయిపోయిందనుకున్నాను. నగారా ఆగింది. కింద జనం మొహాలన్నీ పైకి తిరిగి ఉన్నాయి. జేజి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. జేజినాయన గొంతు సవరించుకున్నాడు.

"అప్పా, వినండి. నా కండ్లు పోయినాయి. కింద ఉండే మీరెవరూ నాకు కనపడరు. ఈ పొద్దు దిక్కులు చూసింది నా మనమరాలు. చూసినోళ్లే చెప్పాల. ఆమె చెప్తాది."

ఆయన వెనక్కి చెయ్యి చాపి, నా భుజం దొరికించుకుని, నన్ను ముందుకు జరిపాడు. ఒక్కొక్క మాటే కూడదీసుకుని చెప్పాను. తూము రాయి కనపడుతోందని, దాని మీద గుడ్డలు ఆరేశారని చెప్పగానే, గుంపులో ఒకామె "అవి నావే" అంది, అందరూ నవ్వారు. దాంతో నాకు ధైర్యం వచ్చింది. పడమట దుమ్ము లేస్తోందని, ఏమి వస్తోందో కనపడలేదని చెప్పాను. "నాకు తెలుసు, అది మన రేడియో జీపే" అని ప్రెసిడెంటు దండ పట్టుకుని బాట వైపు పరిగెత్తాడు. కొంతసేపటికి ఆ దుమ్ములోంచి గొర్రెలు వచ్చాయి, వాటి వెనక గొర్రెలాయన వచ్చాడు. పూలదండతో ఎదురొచ్చిన ప్రెసిడెంటును చూసి ఆయన తన తలగుడ్డ తీసేసి బిత్తరపోయి నిలబడ్డాడు. "వేసేయప్పా, ఇంత దూరం పోయినావు గదా" అని నగారా సాయిబు అరిచాడు.

నవ్వులు ఆగాక ఒక ముసలమ్మ అడిగింది, "మహానంది గోపురం కనపడిందా తల్లీ?"

నేను జేజినాయన వైపు చూశాను.

"కనపడలే అవ్వా. కొండలే కనపడినాయి."

పిల్లదానికి చూపు ఆనలేదని ఎవరో సర్దబోయారు. జేజినాయన వెంటనే, "నాకూ ఏనాడూ కనపడలేదు. ఆ పక్క ఉండాదని మాత్రం చెప్పినా. ఉండాది గదా, దండం పెట్టుకోండి" అన్నాడు. కాసేపు గుసగుసలు నడిచాయి. నగారా సాయిబు తల గోక్కుంటూ, "అట్లయితే దొరా, ఈ మాట సంతకు పోనీయొద్దు" అన్నాడు. ముసలమ్మ మాత్రం ముందుగా తూర్పుకు తిరిగి చేతులెత్తింది. ఆమె వెనకే అందరూ ఎత్తారు.

దుమ్ము దులుపుకుంటూ తిరిగి వచ్చిన ప్రెసిడెంటుకు ఎవరో గోపురం సంగతి చెప్పారు. ఆయన నిచ్చెన మొదట్లో నిలబడి, "పెద్దాయనా, కట్టుబాటు నీకు తెలియనిది కాదు" అన్నాడు. గొంతులో మునుపటి ముల్లు లేదు. "తెలుసునప్పా. తెలిసే చెప్పినా. తీసకపోండి" అన్నాడు జేజినాయన. దిగేటప్పుడు నేను ముందు దిగుతూ ఆయన పాదం పట్టి ఒక్కొక్క మెట్టు మీద పెట్టాను. కింద నిచ్చెన కదలకుండా రెండు చేతులతో పట్టుకుని ఉన్నది ప్రెసిడెంటే.

రేడియో ఆఫీసరు జీపు చీకటి పడే వేళకు వచ్చింది. ఆయన కోస్తా వైపు మనిషి, చిన్నవాడు. జేజినాయన ఆయన్నీ అదే అడిగాడు. పెట్టెలో మాట్లాడేవాళ్లు చూసి మాట్లాడతారా అని. ఆయన తడుముకోలేదు. "చూసి కాదండీ. వచ్చిన కబురు చదువుతారు. ఎవరు చెప్పిన కబురో కూడా చెబుతారండీ" అన్నాడు. జేజినాయన తల ఊపి, "తెలిసినంతే చెప్తే ఫరవాలేదు. పెట్టుకోండి" అన్నాడు. నిచ్చెన అప్పటికే ఆయనది కాదు. అయినా ఆఫీసరు ఆయన ఆ మాట అనేదాకా ఆగాడు. ఆ ఆగడం నేను చూశాను.

ఆ రాత్రికి మా నడవలో కొయ్యలు ఖాళీగా ఉన్నాయి. జేజి అన్నం తినలేదు. జేజినాయన రోజూ తిన్నంతే తిన్నాడు. కొద్దిరోజుల్లో బురుజు మీద కొమ్ము వెలిసింది. మొదటి సాయంకాలం ఊరంతా ఆ గొంతును నోరు తెరుచుకుని విన్నది. జేజినాయన అరుగు మీద నుంచే విన్నాడు. రాయలసీమలో అక్కడక్కడా జల్లులు పడవచ్చునని రేడియో చెప్పింది. ఆయన నా వైపు తిరిగి, "పడవచ్చు అన్నాడు, విన్నావా? పడ్తాది అనలే. మంచోడే" అన్నాడు. ఆ తరువాత ఆయన రేడియోను ఎప్పుడూ తప్పుపట్టలేదు.

మరుసటి దసరాకు నిచ్చెన చావడిలోనే ఉంది. పంచాయతీలో కళ్లున్న మగవాళ్లకు కొదవ లేదు. అయినా పొద్దు వాలాక నగారా సాయిబు మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. వెనక ప్రెసిడెంటు, ఆయన మనుషులు నిచ్చెన మోసుకుని ఉన్నారు. "పాపను పంపిస్తావా దొరా" అని సాయిబు అడిగాడు. జేజినాయన లేచి నిలబడి నన్ను పిలిచాడు. పెళ్లయి ఊరు విడిచేదాకా దిక్కులు నేనే చెప్పాను. గోపురం ఒక్కసారి కూడా కనపడలేదు, ఆ మాట ప్రతిసారీ చెప్పాను, జనం ప్రతిసారీ మొక్కారు.

ఇప్పుడు కర్నూలులో ఉంటున్నాను. నా కళ్లకూ మసక వచ్చింది. బ్యాంకులో కాగితం చేతికిచ్చి ఇక్కడ సంతకం పెట్టండమ్మా అంటారు. నా పక్కన ఉండే నా ఈడువాళ్లు చదివినట్టు తల ఊపి పెట్టేస్తుంటారు. నేను కుర్చీలో వెనక్కి ఆనుకోకుండా కూర్చుని, వరుసలో ఉన్న చివరి మనిషికి కూడా వినపడేటట్టు చెబుతాను. నాకు కనపడటం లేదు, చదివి వినిపించండి, అని.